గుమ్మటాలు చూపించారు, సరే!

డబ్బు పుచ్చుకుని మన ఊళ్ళోనే మనల్ని నడిపించి చూపించే వేడుక ఒకటి హైదరాబాదులో బాగానే సాగుతోంది. మొన్న నేను వెళ్ళిన నడక మూసీ ఒడ్డున ఉన్న ఇండో-సారసెనిక్ కట్టడాల గురించి. పేరు విని బెదిరిపోకండి. మన గుమ్మటాలూ, కమానులూ, జాలీలూ దొరల లెక్కలతో కలిపి వండిన వంటకం అది. 1870ల్లో చిషోమ్ మద్రాసులో సెనేట్ హౌసు కడుతున్నప్పటికే దాని ఘుమఘుమలు మొదలయ్యాయి. మన దగ్గరికి కాస్త ఆలస్యంగా వచ్చింది.

దారి చూపిన కుర్రవాడు చక్కగా మాట్లాడాడు, కాదనను. హైకోర్టు ఎర్రరాతి గోడల్నీ, పక్కనే 1921 నాటి సిటీ కాలేజీనీ చూపించి విన్సెంట్ ఎష్ దొర పేరు పదిసార్లు చెప్పాడు. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పని చూసిన మనిషిట. బాగుంది. కానీ ఇది "రివైవల్" శైలి, పాత పద్ధతికి మళ్ళీ ప్రాణం పోయడం అని అతనన్నప్పుడల్లా పంటి కింద రాయి తగిలినట్టుండేది. ప్రాణం పోయాలంటే ముందది పోయి ఉండాలి కదా! 1591 నాటి చార్మినారు అక్కడికి దగ్గర్లోనే నిక్షేపంలా నిలబడి ఉంది. దాని పక్క వీధిలో మనం గాజులు బేరమాడుతూనే ఉన్నాం. మద్రాసుకి ఒప్పే మాట ఇక్కడ అంత సులువుగా అతకదు. ఆ తేడా అతను చెప్పనే లేదు.

వంతెన దాటి ఉస్మానియా ఆసుపత్రి దగ్గరికి చేరేసరికి ఎండెక్కింది. అయిదు నిమిషాలు, ఫొటోలు తీసుకోండన్నాడు. అసలు కథంతా అక్కడుంటే అయిదు నిమిషాలా?

1908 సెప్టెంబరు 28న మూసీ వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఈ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికి బయటపడ్డారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇంకా ఉంది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఊరిని సర్దుకున్నారు. 1925కల్లా ఈ ఆసుపత్రి లేచింది. గుమ్మటాలు దర్జాకే అనుకుందాం. ఆ ఎత్తయిన కప్పులూ, వెడల్పాటి వరండాలూ మంచాన పడ్డవాళ్ళకి గాలాడటానికి పనికొచ్చేవి. ఎండాకాలం ఇంట్లో పసిపిల్లని పడుకోబెట్టిన ఏ తల్లికీ ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మా గుంపులో ఒక పెద్దావిడ ఉంది. "బాబూ, మా నాన్నగారికి ఇక్కడే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు దీన్నేం చేస్తారు?" అనడిగింది.

"అది మన సబ్జెక్టు కాదాంటీ" అన్నాడు.

మరేమిటండీ సబ్జెక్టు? 2020 జూలైలో వాననీళ్ళు వార్డుల్లోకి వచ్చి పాత భవనం ఖాళీ చేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగులు వెళ్ళిపోయాక ఆ కమానులు ఎవరికోసం నిలబడతాయో మాట్లాడకుండా శైలి గురించి ఎంత మాట్లాడితే ఏం లాభం? ఆవిడ మాత్రం ఫొటో తీసుకోలేదు. గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది.

అయినా వెళ్ళొద్దనను. వెళితే చింతచెట్టు ఎక్కడుందో అడిగి మరీ చూడండి.