మొండివాడను ముద్ర

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల బడులలో ఆటిజముగల పిల్లలకు పాఠములు చెప్పు మాబోటివారికి తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "వానికి అన్నీ తెలుసు సార్, అడిగితే చెప్పడు." తల్లి యీ మాటను బాధతోను, ఉపాధ్యాయుడు విసుగుతోను పలుకుదురు; కాని యిరువురును తుదకు పిల్లవాడు మొండివాడనియే తేల్చుదురు. తెలిసినదానిని చెప్పనీయక అడ్డుపడుచున్న దేదియో వెదకుటయే మా వృత్తిలో మొదటి పని యని నా నమ్మకము.

అందులకు గొప్ప పరికరము లక్కఱలేదు, ఒక నోటుపుస్తకము చాలును. బిడ్డ కలతపడుటకు ముందేమి జరిగెనో, అప్పుడేమి చేసెనో, పిదప నేమి జరిగెనో మూడు గడులు గీసి కొన్నాళ్లు వ్రాసికొనవలెను. ఆళ్లగడ్డలో శిల్పుల పాకలకు చేరువనున్న యొక బడిలో ఒక బాలుడు లెక్కల పీరియడులో మాత్రము చెవులు మూసికొని బల్లక్రింద దూరుచుండెను. లెక్కలన్న భయమని యెల్లరు ననుకొనిరి. వ్రాసి చూడగా రాళ్లు కోయు మిషను ఆ వేళకే మొదలగుచున్నట్లు తేలినది. మన చెవి కొంతసేపటికి మఱచిపోవు చప్పుడు ఆటిజముగల కొందఱిని తుదివఱకు నొకే తీవ్రతతో బాధించును. లెక్కలను ఉదయమునకు మార్చి, బాలుని వీథి కిటికీకి దూరముగా కూర్చుండబెట్టిన పిదప వాడు బల్లక్రింద దూరుట మానెను.

"నీ పేరేమి?" అని యడిగిన "నీ పేరేమి?" అనియే బదులుపలుకు పిల్లలు కలరు. దానిని వెక్కిరింతగా నెంచి చేయిచేసికొన్నవారిని నేనెఱుగుదును. 1943లో మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణించి ఆటిజమును గూర్చి ప్రకటించిన వ్యాసమునందే యిట్టి ప్రతిధ్వని ప్రస్తావింపబడినది. "నా పేరు..." అని జవాబు మొదలును మనమే యందించి, మనసులో పది లెక్కించునంతసేపు ఊరకుండవలెను. ఈ యూరకుండుటయే ఉపాధ్యాయునకు మిక్కిలి కష్టమైన విద్య.

ఇక అక్షరమాల వల్లింపనొల్లని మఱియొక బాలుడు నంద్యాల బస్టాండులో బస్సుల బోర్డులన్నియు తడబడక చదువుచుండెను. శిరివెళ్లలోని 'ళ్ల'యే ఆళ్లగడ్డలోనిదియు నని చూపి, గడ్డనుండి 'డ్డ'ను, చాగలమర్రినుండి 'ర్ర'ను తీసి, వానికి ఒత్తులు నేర్పితిమి. బిడ్డ ప్రీతిని పాఠమునకు అడ్డమని తలచుట మన యలవాటు. పాఠము తఱచుగా ఆ ప్రీతిలోనే దాగియుండును.

1995 నాటి వికలాంగుల చట్టము గుర్తించిన ఏడు వైకల్యములలో ఆటిజము లేదు. 2016 చట్టము 21 వైకల్యములను గుర్తించి అందు దీనిని చేర్చినది. బిడ్డ యవసరమునకు దగిన సదుపాయములు కల్పించు బాధ్యతను బడులపై నుంచినది. కావున కిటికీ దగ్గఱి చోటు మార్చుటయు, పీరియడు మార్చుటయు ఉపాధ్యాయుని దయాధర్మములు కావు, బిడ్డ హక్కులు.

ఉపాధ్యాయ మిత్రులారా, "అడిగితే చెప్పడు" అను మాట మీ తరగతిలో వినబడినచో, ముందుగా ఆ బిడ్డకు వినికిడి పరీక్ష చేయింపుడు; ప్రత్యేకావసరములుగల పిల్లలకై నడుచు మండల భవిత కేంద్రమునందు చూపింపుడు; మూడు గడుల పుస్తక మొకటి తెఱవుడు. అది నిండకమునుపు మొండివాడను ముద్రమాత్రము వేయకుడు.