మే నెలలో మారిషస్

మారిషస్ హోటళ్ళు అన్నిటికంటే ఎక్కువ రేటు అడిగేది డిసెంబర్ చివర్లో. యూరప్ చలికి తట్టుకోలేక ఎండ కోసం వచ్చేవాళ్ళ కాలం అది. నారాయణఖేడ్ వాళ్ళకు ఎండ కొనుక్కోవాల్సిన ఖర్మేముంది? ప్రయాణ సమాచారం ఎవరు రాసినా మనిషి కదిలే ఊరి దగ్గర మొదలుపెట్టాలి. చేరే చోటి వర్ణన తర్వాతి సంగతి. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది, కాలాలు మనకు తిరగేసి వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఉక్క, వాన, తుపాన్ల భయం. మన బడులకు సెలవులిచ్చి, ఖేడ్‌లో మధ్యాహ్నం గడప దాటలేని మే నెలలో అక్కడ వాతావరణం చల్లబడుతుంది, సముద్రం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. పత్తి, కంది ఇంటికి చేరి, వానాకాలం విత్తనాలు ఇంకా పడని తెరిపి కూడా అప్పుడే.

మే నుంచి అక్కడ చలికాలం మొదలు కదా, బీచ్ మజా ఉండదంటారు. కొంత నిజమే: జూన్ దాటాక తూర్పు తీరాన ఆగ్నేయపు గాలి విసిరి కొడుతుంది, నడిమి పీఠభూమి మీది క్యూర్‌పిప్‌లో ముసురు. కానీ దీవి పొడవు సుమారు 65 కిలోమీటర్లే. గాలి మరుగున ఉండే పడమటి తీరాన, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వైపు, గది తీసుకుంటే సగం చిక్కు తీరుతుంది. పగడపు దిబ్బల లోపలి నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి గానీ, దిబ్బకు గండి ఉన్నచోట నడి సముద్రంలోకి లాగేస్తాయి. చెరువుల్లో ఈత నేర్చినవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇదంతా ఏజెంటు చూసుకోడా అంటే, టికెట్లు తీస్తాడు, తప్పులేదు. అయితే అతని లెక్క హైదరాబాద్ నుంచి మొదలవుతుంది. ఖేడ్‌కు దగ్గర బీదర్. అక్కడి నుంచి ముంబైకి రైలుంది, ముంబై నుంచి మారిషస్‌కు నేరుగా విమానం. పది పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీది ఈసీఆర్ ముద్ర గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు కొలువుకు పోయేవాళ్ళ కోసం; ఈ ప్రయాణానికి అది అడ్డు కాదు. పర్యాటకులకు వీసా రుసుం లేదు, కానీ తిరుగు టికెట్, బస వివరం, ఖర్చుకు డబ్బు చూపాలి. నిద్రమాత్రల వంటివి ఉంటే డాక్టరు చీటీ వెంట ఉండాలి. విత్తనాలు, మొక్కలు అనుమతి లేకుండా సంచిలో పెట్టుకోవద్దు.

అక్కడ తెలుగువాళ్ళున్నారు కదా, భాషకు దిగులెందుకన్న ధీమా మరొకటి. ఉన్నారు, 19వ శతాబ్దంలో కోరంగి రేవు మీదుగా చెరకు తోటల కూలికి వెళ్ళినవాళ్ళ సంతతి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. అయినా వీధిలో నడిచేది క్రియోల్. మనకు అక్కరకొచ్చేది నాలుగు ఇంగ్లిష్ ముక్కలే. ఆ కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ పోర్ట్ లూయీలో ఉంది, 2006లో యునెస్కో జాబితాకెక్కింది. బీచ్‌లో ఒక పూట తగ్గించైనా చూడాల్సిన చోటది. ఉగాదికే వెళ్ళాలనుకుంటే మాత్రం తుపాన్ల కాలం ఇంకా పూర్తిగా పోదు, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే తీసుకోండి.