మాటకు ఇరవై పైసలు

'తెలుగు కంటెంట్ రైటర్లు కావలెను. ఇంటి నుంచే పని. మాటకు ఇరవై పైసలు.' వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఇలాంటి ప్రకటన ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. రేటు ఒకచోట పది పైసలు, ఇంకోచోట అర్ధరూపాయి. విజయనగరంలో గది అద్దెకు తీసుకుని గ్రూప్-2కి చదువుతున్న కుర్రాడికి, డిగ్రీ చేసి శ్రీకాకుళంలో ఇంటిపట్టున ఉండిపోయిన ఇల్లాలికి అది చూస్తే ప్రాణం లేచొస్తుంది. విశాఖ బస్సెక్కక్కర్లేదు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, ఫోనుంటే చాలు. ఆ ఆశ న్యాయమైనది. అందుకే లెక్క కూడా నిజాయితీగా వేయాలి.

వెయ్యి మాటల వ్యాసానికి చేతికొచ్చేది 200 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. రణస్థలంలోనో మెంటాడలోనో ఎండలో మట్టి తవ్వేవారి కూలీ కూడా కొలత మీదే ఆధారపడుతుంది, కొలత తగ్గితే డబ్బు తగ్గుతుంది. కాని ఆ రేటు ప్రభుత్వం ప్రకటించినది. తక్కువ పడితే నలుగురూ కలిసి మండలాఫీసుకు వెళ్ళి అడగొచ్చు. మాటల కూలీకి ఆ దారి లేదు. విషయం చదివి, నిజానిజాలు సరిచూసి, రాసి, టైపు చేసి, వాళ్ళు చెప్పిన మార్పులు చేసేసరికి వెయ్యి మాటలకు ఒక రోజు గడిచిపోతుంది. రోజుకు నాలుగు రాస్తేగాని గిట్టుబాటు కాదు. నాలుగు రాయాలంటే చదవడం మానెయ్యాలి, నాలుగు సైట్లు తెరిచి అటూ ఇటూ మార్చి దింపెయ్యాలి. మంచి రాతను కొనడానికి పెట్టిన రేటు కాదిది.

అనువాదాల్లో నష్టం ఇంకాస్త ఎక్కువ. తెలుగులో విభక్తి నామానికీ, సర్వనామ సూచన క్రియకూ అతుక్కుపోతాయి కాబట్టి ఇంగ్లీషులో వెయ్యి మాటలున్న వ్యాసం తెలుగులోకి వచ్చేసరికి బాగా కుదించుకుపోతుంది. శ్రమ వెయ్యి మాటలది, డబ్బు మాత్రం తగ్గిన లెక్కకు. అనుభవమున్న అనువాదకులు మూలంలోని మాటలకే లెక్క కట్టమని ముందే అడుగుతారు. కొత్తవాళ్ళకు ఈ సంగతి చెప్పేవాళ్ళు లేరు.

ఆన్‌లైన్ పనుల పెద్ద వేదికల్లోనూ తరుగు ఉంది. ఫైవర్ 2010లో ప్రతి పనికీ ఐదు డాలర్ల ధరతో మొదలైంది. అందులో ఇరవై శాతం కంపెనీది, రాసినవారికి మిగిలేది నాలుగు డాలర్లు. అప్‌వర్క్‌లోనైతే పని అడగడానికే 'కనెక్ట్స్' కొనుక్కోవాలి, పని దొరక్కపోయినా ఆ ఖర్చు ఖర్చే.

రాతతో బతకడం ఉత్తరాంధ్రలో ఎన్నడూ తేలిక కాదు. గురజాడకు విజయనగరం సంస్థానంలో కొలువుండేది. చాసోకు భూములుండేవి. శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రికి విశాఖలో వకీలు వృత్తి ఉండేది. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు విశాఖలో మూడు దశాబ్దాలు లెక్కలు చెప్పారు. కథ ఇంటి ఖర్చు మొయ్యనక్కర్లేదు కాబట్టే వాళ్ళు తొందరపడలేదు. కారా మాస్టారు రాసినవే తక్కువ. 'యువ' పత్రికలో వచ్చిన 'యజ్ఞం' కథ మీద తరాలుగా వాదన సాగుతూనే ఉంది. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాక, 1997 ఫిబ్రవరి 22న ఆయన శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. పేరున్న రచయితల కథలతో పాటు, పాత వారపత్రికల్లో ఒకటి రెండు రాసి మానేసినవారి కథలు కూడా అక్కడ రచయిత పేరుతో, పత్రిక పేరుతో, తేదీతో దొరుకుతాయి. ఆ కథలకు ఆనాడు ముట్టిన పారితోషికం ఎంత తక్కువైనా పేరు మాత్రం దక్కింది. ఇరవై పైసల వ్యాసానికి ఆ పేరు కూడా ఉండదు. అసలు దెబ్బ అక్కడ తగులుతోంది.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది: పత్రికల కంట్రిబ్యూటర్లు తక్కువ డబ్బుకే రాయలేదా? రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. 1974 ఆగస్టు 10న విశాఖలో మొదలైన 'ఈనాడు' 1989 నుంచి జిల్లా సంచికలు తెచ్చింది. నాలుగేళ్ళ ముందే, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. జిల్లా పేజీలు నింపడానికి మండలానికో విలేకరి కావలసివచ్చాడు. అచ్చయిన వార్త కొలతను బట్టి 'లైన్ అకౌంట్' ఇచ్చేవారు. అది కుటుంబానికి చాలేది కాదు. పక్కన ట్యూషనో, కిరాణా కొట్టో, ఎల్ఐసీ ఏజెన్సీయో ఉండాల్సిందే. అది దోపిడీ కాదని ఎవరూ అనలేరు. అయినా ఆ పనిలో మనిషి తన మండలాన్ని చదువుకున్నాడు. ఏ చెరువుకు ఎంత ఆయకట్టు ఉందో, ఏ గ్రామంలో ఏ తగాదా నలుగుతోందో అతనికి తెలిసింది. పేరు తెలియని సైటుకు 'నిమ్మరసం వల్ల పది లాభాలు' రాసే కుర్రాడికి ఏడాది తర్వాత నిమ్మరసం గురించి కూడా కొత్తగా ఏమీ తెలియదు.

అలాంటి వ్యాసాల గతి ఏమైందో అమెరికా ముందే చూసింది. ఈహౌ సైటును నడిపిన డిమాండ్ మీడియా వ్యాసానికి పదిహేను డాలర్ల చొప్పున లక్షల వ్యాసాలు రాయించింది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ 'పాండా' మార్పుతో పసలేని పేజీలను వెతుకులాటలో కిందికి తోసేసింది. చదివేవారు తగ్గారు, రాసేవారి పని పోయింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ తరహా వ్యాసం యంత్రం నుంచి నిమిషంలో వస్తోంది. యంత్రంతో ధరలో పోటీపడి ఏ మనిషీ నెగ్గలేడు.

మరి చేతిలో వేరే పని లేనివాళ్ళు ఏం చెయ్యాలి? టైపింగ్ అలవాటుకు, గడువు పాటించడం నేర్చుకోవడానికి కొన్నాళ్ళు చిన్న పనులు చేస్తే తప్పులేదు. దాన్నే బతుకుతెరువు అనుకుంటే మాత్రం నష్టం. ఆ గంటల్లో కొన్నింటిని తన నేలకు దాచుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టిన అమ్మాయికి కిడ్నీ జబ్బు అంటే వార్త కాదు, వీధిలో మనుషులు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ పరిశోధనా ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్‌కు వెళ్ళే ఇంటికి నెలకు ఎంత ఖర్చవుతోంది, కుళాయి నీళ్ళు ఏ ఊరిదాకా వస్తున్నాయి, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చిన కొబ్బరి, జీడి తోటల స్థానంలో ఇప్పుడేముంది? ఇవి అడిగి, తిరిగి, రాయగలిగినవారు హైదరాబాదులో కూర్చున్న సంపాదకుడికి దొరకరు. అలాంటి వ్యాసం మొదట ఉచితంగా వేసినా, తక్కువకే వేసినా, పేరుతో వేస్తే రెండో పనికి అదే సాక్ష్యం. ఇంగ్లీషు వచ్చినవారైతే వేరే ఊళ్ళ పత్రికలకూ రాయొచ్చు, అక్కడ రేటు మాటకు రూపాయల్లో ఉంటుంది.

ఇక హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని రచయిత రాసినదానికి మొదటి హక్కుదారు మామూలుగా రచయితే. హక్కు ఇచ్చెయ్యాలంటే సంతకంతో కాగితం మీద ఉండాలి. ఎంతకాలానికో అందులో రాయకపోతే ఐదేళ్ళకే చెల్లుతుంది. హక్కులు అమ్మేసినా, ఇది నేను రాసిందే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. అందుకని పని ఒప్పుకునే ముందే నాలుగు సంగతులు మెయిల్‌లో తేల్చుకోవాలి: పేరు వేస్తారా, హక్కు ఎన్నేళ్ళకు, లెక్క మూలంలోని మాటలకా తెలుగు మాటలకా, డబ్బు ఏ తేదీకి. బదులివ్వని ప్రకటనకు రాయకపోతే ఆ రోజు కనీసం పలాస బస్సెక్కడానికైనా మిగులుతుంది.