నోరు తిరగాలంటే

పలకడంలో తప్పులకు మన దగ్గర పేర్లకేం కొదవ లేదు. మాట మింగేస్తున్నాడు, ముద్దగా మాట్లాడుతున్నాడు, వత్తులు ఎగ్గొడుతున్నాడు, నోరు తిరగడం లేదు, అన్నీ నంగి మాటలే. పండితులు ఉచ్చారణ దోషమంటారు, కోపమొస్తే అపశబ్దమంటారు. ఆదివారాలు పిల్లలచేత పద్యాలు చదివించే నాబోటివాడికి ఇవన్నీ ఒకటి కావు. కొన్ని పేర్లు తప్పెక్కడుందో చెబుతాయి, కొన్ని మనిషిని వెక్కిరించి ఊరుకుంటాయి.

మన పెద్దలు మొదటి రకాన్నే నమ్ముకున్నారు. పతంజలి మహాభాష్యంలో అచ్చుల దోషాల వరసలో ‘గ్రస్తం’ ఒకటి. మనం మింగేయడం అంటున్నది దాన్నే. పాణినీయ శిక్ష పాఠకాధములను ఆరు రకాలుగా విడదీసింది: రాగాలు తీసేవాడు, గబగబా చదివేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు చాలనివాడు. ఆరుగురికీ ఒకే మందు పనిచేయదు.

ఏడో తరగతి పాప ఒకతె ‘నాట్యకళ’ను ‘నాట్యకల’ చేసేది. స్పష్టంగా పలకమంటే గొంతు పెంచి మళ్లీ కలే అంది. నాలుక కొన వెనక్కి మడిచి, అంగిలికి తాకించి వదలమన్నాక ‘ళ’ పలికింది. శకారం సంగతీ అంతే. ‘శకలం’ అంటే ముక్క, ‘సకలం’ అంటే మొత్తం. నాలుక కాస్త ముందుకు జారితే ముక్క కాస్తా మొత్తమైపోతుంది.

ఇంకో చిక్కు ‘చ’తో. అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చ, జలు తాలవ్యాలనీ, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓలతో కూడినవి దంత్యాలనీ చిన్నయసూరి బాలవ్యాకరణంలో తేల్చి చెప్పాడు. అందుకే చిలకలో చ వేరు, చలిలో చ వేరు. ఇప్పుడు అచ్చు పుస్తకాల్లో రెండింటికీ ఒకటే అక్షరం. ఇంట్లో ఆ మాటలు వినకుండా, పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్న పిల్లలు చాపనీ చల్లనీ చిలకలోని చతోనే చదువుతారు. వాళ్లను విసుక్కుని లాభం లేదు, పక్కన కూర్చుని నాలుగుసార్లు వినిపించాలి.

నత్తిని మాత్రం ఈ జాబితాలో కలపను. అది అశ్రద్ధ కాదు. నత్తి ఉన్న పిల్లవాడు మాట పూర్తిచేసేదాకా ఆగడం, మధ్యలో మనం అందించకపోవడం మన వంతు. మిగతాది స్పీచ్ థెరపిస్టు పని. యాసనూ దోషమనను. పద్యంలో ళకారం అడుగుతాను గానీ, ‘నాట్యకల’ అన్న ఆ పాప వాళ్లమ్మతో మాట్లాడే శ్రీకాకుళం మాటను దిద్దే హక్కు నాకెక్కడిది?

పిల్లలకు చదువు చెప్పేవాళ్లకు నా మనవి ఒక్కటే. ‘నీకు నోరు తిరగదు’ అనేముందు, ఏ అక్షరం దగ్గర తిరగడం లేదో చెప్పండి. అది చెప్పలేకపోతే ఇంకోసారి వినండి.