కొరంగాడు: కంచె కట్టి పెంచిన గడ్డి

తమిళనాడులో తిరుప్పూరు, ఈరోడు, కరూరు జిల్లాల మెట్టప్రాంతాన ముళ్లకంచెల మధ్య విశాలమైన నేల చెక్కలు కనిపిస్తాయి. అక్కడక్కడా తెల్లతుమ్మలు, వాటి కింద గడ్డి, గడ్డిలో నాలుగైదు కాంగేయం జాతి పశువులు. కాపరి ఉండడు. కొత్తవాళ్లు బీడు అనుకుంటారు. నిజానికి అది తరాలుగా రైతులు పెంచుకొస్తున్న మేతపొలం. అక్కడి పేరు కొరంగాడు.

ఏడాదికి 600 మిల్లీమీటర్ల అటూఇటూ వాన, అందులోనూ ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలదే. ఆ కొద్దిపాటి తడితోనే, పేరుమోసిన కాంగేయం బండెద్దులను ఆ నేల పెంచింది.

పనితనమంతా ముందు కంచెలో చూడాలి. ముళ్లకిళువ అనే గుగ్గిలపు జాతి పొద అది. కొమ్మ నరికి గుచ్చితే వేరు పట్టేస్తుంది. కొమ్మలను దగ్గరదగ్గరగా నాటి, ఎదిగే రెమ్మలను పక్కలకు వంచి ఒకదాంట్లో ఒకటి అల్లుతారు. పైన ఎంత గుబురుగా పెరిగినా, అడుగున మేకపిల్ల దూరేంత సందుంటే ఆ కంచె దండగే. అందుకే అల్లేవాడి శ్రద్ధంతా కింది మూరెడు మీదే. కత్తిరించిన ఆకు మేకలకు మేతవుతుంది.

ఇంత శ్రమ దొంగల కోసమనుకుంటే పొరపాటు. ఈ కంచె గడ్డికి విరామమిస్తుంది. అక్కడ పెరిగేది అంజన్ గడ్డి. పశువు కొరికాక అది దుబ్బు మొదట్లో దాచుకున్న సత్తువతో మళ్లీ చిగురిస్తుంది. కొత్త ఆకు ఎదిగి ఆ సత్తువను తిరిగి నింపేలోపే ఇంకోసారి కొరికితే వేరు కుంచించుకుపోతుంది. ఆంద్రే వాజాఁ అనే ఫ్రెంచి రైతు శాస్త్రవేత్త 1957లో ఈ విరామం గురించే ఒక పుస్తకం రాశాడు. ఈ జిల్లాలున్న కొంగునాటి రైతులకు ఆ సంగతి అంతకు ఎంతో ముందే తెలుసు. అందుకే భూమిని చెక్కలుగా విడగొట్టి, ఒకటి మేపుతూ మిగతావి మూసి ఉంచుతారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది, మందను ఎప్పుడు బయటికి తోలాలో పసిగట్టే చూపు. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగి తెంపుతుంది. అడుగున కొంత మిగులుతుంది. గొర్రె పెదవులతో ఏరి నేలబారుగా కొరుకుతుంది. కాబట్టి ముందు పెద్ద పశువులు, వెనక గొర్రెలు. గొర్రెలను రెండు రోజులు ఎక్కువ ఉంచితే దుబ్బు మొదలే పోతుంది. ఆ హద్దు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ ఏటి వాన, ఆ చెక్క మట్టి చూసి రైతే తేల్చుకోవాలి.

తెల్లతుమ్మ సన్నాకు చెట్టు కాబట్టి కింద గడ్డికి ఎండ అందుతుంది. వేసవిలో గడ్డి ఎండిపోయే వేళకు కాయలు రాలతాయి. గొర్రెలు వాటిని ఇష్టంగా తింటాయి, గింజలు పెంటికల్లో పడి మొలుస్తాయి. కొన్నేళ్లకోసారి నేల దున్ని జొన్నో ఉలవో చల్లుతారు. గట్టిపడిన మట్టి గుల్లబారి గడ్డి మళ్లీ దట్టమవుతుంది.

రాయలసీమ మెట్టల్లోనూ తెల్లతుమ్మకు కొదవలేదు. అయితే కొరంగాడు సొంత పొలం. మన బీళ్లు చాలావరకు ఊరుమ్మడివి, ఎవరి మంద ఎప్పుడొస్తే అప్పుడే మేస్తుంది. అలాంటి ఉమ్మడి బీళ్లలో కంచె ఒక్కటే చాలదు. ఈ ఏడు ఏ చెక్క మూయాలో, ఎన్నాళ్లు మూయాలో మందలున్న ఇళ్లన్నీ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి.