వార్త ఎక్కడ ఆగిపోయింది?

కామెడీ సినిమా అనగానే మా సమీక్షకుల తూనికరాళ్లు మారిపోతాయి. హాలు ఎక్కడ గొల్లుమంది, ఏ డైలాగు బయటికొచ్చాక కూడా నోట్లో నానింది, ఇవే లెక్కలు. మామూలు కామెడీకి అవి చాలేమో గానీ పత్రికల మీద తీసిన కామెడీకి చాలవు. అలాంటి సినిమాను ఒక ప్రశ్నతో చూడాలి: అచ్చు కావలసిన వార్త ఎవరి దగ్గర ఆగిపోయింది, ఆ భారం ఎవరి మీద పడింది? ఈ ప్రశ్న అడగనందువల్ల, మనం నలభై ఏళ్లుగా నెత్తిన పెట్టుకున్న ఒక మంచి సినిమాను సగమే చూశామని నా నమ్మకం.

ఆ సినిమా కుందన్ షా తీసిన ‘జానే భీ దో యారో’. 1983లో ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ డబ్బుతో, చాలా తక్కువ ఖర్చుతో తయారైంది. కథకు బీజం హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీని బతుకుదెరువు చేసుకున్న స్నేహితుల అనుభవాల్లో పడింది. మొదటి విడుదలలో పెద్దగా ఆడలేదు. తర్వాత దూరదర్శన్‌లోనూ వీడియో క్యాసెట్లలోనూ చూసిన జనం దాన్ని సొంతం చేసుకున్నారు. ఈ సినిమా పేరెత్తితే ప్రేక్షకులు మహాభారతం నాటకం సీను చెబుతారు, విమర్శకులు వ్యవస్థ కింద నలిగిన సామాన్యుడి గురించి రాస్తారు. రెండూ నిజమే. కానీ నసీరుద్దీన్ షా, రవి బాస్వానీ వేసిన ఆ ఇద్దరూ ఊరికే సామాన్యులు కారు. ‘ఖబర్దార్’ అనే పత్రిక కోసం ఫొటోలు తీసే పనివాళ్లు. స్టూడియో నడవక ఆ పని పట్టుకున్నారు. సంపాదకురాలు శోభాసేన్‌గా భక్తీ బర్వే నటించింది. బిల్డరు చేసిన హత్యకు సాక్ష్యం చేతికందాక ఆమె దాన్ని అచ్చు వెయ్యదు, బేరం పెడుతుంది. చివరికి బిల్డర్లు, అధికారి, సంపాదకురాలు ఒక ఒప్పందానికొస్తారు. నగరంలో ఒక వంతెన కూలిన నేరం ఆ ఇద్దరు ఫొటోగ్రాఫర్ల మీద పడుతుంది. వాళ్లు ఖైదీ బట్టల్లో వీధిలో నడిచి వస్తుంటే ప్రేక్షకుడి గొంతు పట్టేస్తుంది.

నవ్వడానికి తీసిన సినిమాకు ఇంత బరువెందుకని అడుగుతారు. మహాభారతం సీనునే తీసుకోండి. స్టేజీ మీద ద్రౌపది చీర కట్టుకున్నది, బిల్డరు చేతిలో హత్యకు గురైన కమిషనర్ శవం. పాండవులు, కౌరవులు అందరూ దాన్ని లాక్కుంటున్నది అదొక సాక్ష్యం కాబట్టి. సాక్ష్యం సంగతి పక్కన పెడితే ఆ సీనులో గోల తప్ప మిగిలేదేమీ లేదు. బరువు నేను మొయ్యడం లేదు, కుందన్ షా అక్కడే పెట్టాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో కూర్చుని చూసినప్పుడు ఈ ప్రశ్న మరింత గట్టిగా తగులుతుంది. ఇక్కడ వార్త పుట్టేది స్ట్రింగర్ చేతిలో. జీతం లేదు, నియామకపత్రం లేదు, ఆపదొస్తే ‘మా మనిషే’ అని చెప్పే దిక్కు ఉంటుందన్న నమ్మకం లేదు. బాసగూడకు చెందిన ‘దేశబంధు’ విలేకరి సాయిరెడ్డిని 2008లో పోలీసులు మావోయిస్టులకు తోడ్పడ్డాడంటూ ప్రత్యేక భద్రతా చట్టం కింద జైల్లో పెట్టారు. 2013 డిసెంబరులో మావోయిస్టులు ఆయన్ను చంపేశారు. ‘బస్తర్ జంక్షన్’ యూట్యూబ్ ఛానల్ నడిపిన ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. రెండు రోజుల తర్వాత బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టరు స్థలంలో, కొత్తగా కాంక్రీటు వేసి మూసిన సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. అంతకు కొద్దిరోజుల ముందే రోడ్డు పనుల్లో అవినీతి మీద అతని వార్త వచ్చింది. ప్రధాన నిందితుడని పోలీసులు చెప్పిన ఆ కాంట్రాక్టరు హైదరాబాద్‌లో పట్టుబడ్డాడు.

కల్పిత కథ పక్కన నిజమైన చావును నిలబెట్టడం తగునా అన్న ఆక్షేపణను నేను తేలిగ్గా తీసుకోను. ముకేశ్ చావును సినిమాతో పోల్చి దాని ఘోరాన్ని తగ్గించే హక్కు ఎవరికీ లేదు. నేను పక్కపక్కన పెడుతున్నది ఆ చావును కాదు, పనిలోని అమరికను. వార్త ఫలితం ఒకరిది, ప్రమాదం ఇంకొకరిది. 1983లోనే ఒక కామెడీ దీన్ని పట్టుకుంటే, సమీక్షల్లో దానికి చోటు దొరకలేదు. సమీక్ష రాసేది కూడా పత్రికలోనే కాబట్టి ఆ వేలు తమవైపు తిరగడం ఇబ్బందిగా ఉండి ఉంటుందని నా అనుమానం.

ఇప్పుడు యూట్యూబ్ ఉంది, వార్తను సొరుగులో దాచే సంపాదకురాలు అక్కర్లేదు కదా అనేవాళ్లూ ఉన్నారు. ముకేశ్‌కు సొంత ఛానల్ ఉంది, జాతీయ ఛానల్‌కూ వార్తలిచ్చేవాడు. వార్త ఆగలేదు, మనిషే మిగల్లేదు. సొరుగు పోయింది గానీ అడ్డుగా నిలబడే చెయ్యి రాలేదు. 2023 మార్చిలో ఛత్తీస్‌గఢ్ శాసనసభ విలేకరుల రక్షణ బిల్లును ఆమోదించిన తర్వాతే ఈ హత్య జరిగింది.

2017లో వచ్చిన ‘న్యూటన్’ కూడా ఈ అడవుల మీద నవ్విస్తూ తీసిన సినిమా. రాజ్‌కుమార్ రావు పట్టుదలనూ పంకజ్ త్రిపాఠి నటననూ అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. అయితే పై అధికారి వెంట విదేశీ విలేకరి వస్తోందని తెలిసి భద్రతా బలగాలు పల్లె జనాన్ని ఓటింగుకు తోలుకొచ్చే ఘట్టం మీద సమీక్షలు మరికాస్త ఆగి ఉండాల్సింది. ఆమె కెమెరా ముందు వరసలో నిలబడ్డ ఆ గోండుల్లో ఒక్కరితోనైనా, వాళ్ల మాట తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని మాట్లాడి ఉంటే ఆ వార్త వేరేగా వచ్చేది.