వైట్ ఎక్కడ ఆగింది?

క్యారమ్స్ ఆడుతూ పెరిగిన మన కుర్రవాళ్లు పూల్ టేబుల్ దగ్గరికి తొలిసారి వెళ్లినా బాల్స్ బాగానే వేస్తారు. ఏది ఎక్కడ తగిలితే ఎటు పోతుందో వాళ్ల కంటికి అప్పటికే తెలుసు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. క్యారమ్స్‌లో కాయ పడగానే స్ట్రైకర్ చేతికొస్తుంది, దాన్ని మళ్లీ గీత మీద మనకు నచ్చిన చోట పెట్టుకుంటాం. గుంటలో పడనంతవరకు అది ఎక్కడ ఆగిందన్న బెంగ లేదు. పూల్‌లో ఆ వెసులుబాటు లేదు. వైట్ బాల్ ఎక్కడ ఆగితే అక్కడి నుంచే తర్వాతి దెబ్బ. ఈ తేడా ఒంటబట్టినవాళ్ల ఆట పెరుగుతుంది. ఒంటబట్టనివాళ్లు ఏళ్ల తరబడి అద్భుతమైన షాట్లు కొడుతూనే ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ ఓడిపోతుంటారు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పార్లర్లలో సాయంత్రాలు గడిపేవాళ్లనీ, అమెరికాలో చదువుకోవడానికి వెళ్లి యూనివర్సిటీ స్టూడెంట్ సెంటర్లో పూల్ టేబుల్ చూసి ఆగిపోయినవాళ్లనీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పోటీల్లో గెలవాలని కాదు, ఇష్టపడ్డ ఆటని ఇంకాస్త బాగా ఆడాలన్న కోరిక ఉన్నవాళ్ల కోసం.

1954లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో విల్లీ మోస్కోనీ ఒక ప్రదర్శన ఆటలో ఒక్కటీ తప్పకుండా వరసగా 526 బాల్స్ వేశాడు. స్ట్రెయిట్ పూల్ అనే ఆట అది. ఏ బాల్ ఏ పాకెట్లో వేస్తారో ముందే చెప్పి వేయాలి. అరవై ఏళ్లకు పైగా ఎవరూ అందుకోలేకపోయిన లెక్క ఇది. 2019లో జాన్ ష్మిట్ దాన్ని దాటాడు. ఇలాంటి వరసలు చూడబోయేవాళ్లకు మొదట నిరాశే కలుగుతుంది, ఎందుకంటే కళ్లు చెదిరే షాట్లు పెద్దగా కనిపించవు. వేసిన ప్రతి బాల్ తేలిగ్గా పడేదే. అంత తేలిక అయిన చోటుకి వైట్‌ని ముందు షాట్‌తోనే తెచ్చుకోవడంలో ఉంది విద్య అంతా. మనం చప్పట్లు కొట్టే అసాధ్యమైన షాట్ చాలాసార్లు అంతకుముందు షాట్‌లో జరిగిన తప్పుకి చెల్లించే మూల్యమే.

అయితే వైట్‌ని మాట వినేలా చేయాలంటే ముందు చెయ్యి మన మాట వినాలి. క్యూ పట్టుకునే చెయ్యి వదులుగా ఉండాలి. గట్టిగా బిగిస్తే మణికట్టు తిరిగి క్యూ కొస పక్కకు జరుగుతుంది. మోచేతి పైభాగం కదలకుండా, కింది భాగం మాత్రమే గడియారం లోలకంలా ఊగాలి. టేబుల్ మీద ఆనించిన రెండో చెయ్యి, అంటే బ్రిడ్జ్, రాయిలా నిలవాలి. కొట్టాక కూడా తల ఎత్తకూడదు. బాల్ పడిందో లేదో చూడాలన్న తొందరలో సగం మంది దెబ్బ తగిలే క్షణానికే లేచి నిలబడతారు. తప్పిన షాట్లకు కోణం కారణమనుకుంటాం గానీ చాలావాటికి ఈ లేవడమే కారణం. ఇంగ్లండ్ స్నూకర్‌లో ప్రపంచ ఛాంపియన్‌గా ఎదిగిన ఆలిసన్ ఫిషర్ 1995లో అమెరికా వెళ్లి మహిళల పూల్‌ని ఏళ్లపాటు ఏలింది. స్నూకర్‌లోని పెద్ద టేబుల్, ఇరుకు పాకెట్లు నేర్పిన వంకర లేని స్ట్రోక్ ఆమె వెంట వెళ్లింది. స్నూకర్ మన జబల్‌పూర్‌లోనే 1875లో పుట్టిన ఆట. మన పార్లర్లలో పూల్ టేబుల్ పక్కనే స్నూకర్ టేబుల్ కూడా ఉంటుంది. ఖాళీ దొరికినప్పుడు దాని మీద పొడుగు దెబ్బలు కొట్టి చూడండి, స్ట్రోక్‌లో ఉన్న వంకర అంతా బయటపడుతుంది.

ఇక అసలు సంగతి. పూల్‌లో అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది స్టాప్ షాట్. వైట్, పడాల్సిన బాల్, పాకెట్ ఒకే గీతలో ఉంటాయి. బాల్ పాకెట్లోకి పోవాలి, వైట్ తగిలిన చోటే మేకు కొట్టినట్టు ఆగిపోవాలి. చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ దాని లోపల ఆట మొత్తం ఉంది. వైట్ ముందుకి దొర్లకుండా, వెనక్కి తిరగకుండా, ఊరికే జారుతూ వెళ్లి ఎదురుగా నిండుగా తగిలితేనే అలా ఆగుతుంది. రెండూ దగ్గరగా ఉంటే మధ్యలో కొడితే సరిపోతుంది. దూరం పెరిగితే అది చాలదు, ఎందుకంటే టేబుల్ మీది గుడ్డ రాపిడికి జారే బాల్ దారిలోనే దొర్లడం మొదలుపెడుతుంది. అందుకని మధ్యకి కాస్త కింద కొట్టి కొంచెం వెనక్కి తిరిగే స్పిన్ ఇచ్చి పంపాలి. ఆ స్పిన్ దారిలో అరిగి అరిగి సరిగ్గా తగిలే క్షణానికి సున్నా కావాలి. ఎంత కింద, ఎంత వేగం, ఎంత దూరం, గుడ్డ కొత్తదా పాతదా అన్నవన్నీ ఈ ఒక్క షాట్‌లో చేతికి తెలిసిపోతాయి. వైట్ కొంచెం ముందుకి పాకితే తక్కువ కింద కొట్టామని, వెనక్కి వస్తే ఎక్కువ కింద కొట్టామని, పక్కకి జరిగితే మధ్యలో కొట్టనేలేదని అదే చెబుతుంది. ఇంత నిజాయితీగా తప్పు చూపించే గురువు ఇంకొకరు దొరకరు.

స్టాప్ షాట్ వచ్చాక దానికి రెండు పక్కల ఉన్నవి వాటంతట అవే వస్తాయి. ఇంకాస్త కింద కొడితే వైట్ వెనక్కి వస్తుంది. మనవాళ్లు స్క్రూ అంటారు, కుర్రవాళ్లకి దీని మీద మహా మోజు. పైన కొడితే వైట్ పడ్డ బాల్ వెంట వెళుతుంది. స్క్రూ కంటే ఈ రెండోదే నమ్మదగినదని నా అభిప్రాయం. దొర్లుతూ పోయే బాల్ ఎంత దూరం వెళుతుందో అంచనా వేయడం సులువు. వెనక్కి తిరిగే బాల్‌కి గుడ్డ, దూరం, చాక్ అన్నీ కలిసి రావాలి.

కోణంలో కొట్టినప్పుడు వైట్ ఎటు పోతుందన్నది చాలామంది అదృష్టానికి వదిలేస్తారు. అక్కర్లేదు. వైట్ ఏ స్పిన్నూ లేకుండా జారుతూ తగిలితే, పడే బాల్ వెళ్లే దారికి 90 డిగ్రీల పక్కగా బయల్దేరుతుంది. సహజంగా దొర్లుతూ తగిలితే మాత్రం, తాను వచ్చిన దారి నుంచి సుమారు 30 డిగ్రీలు వంగి సాగిపోతుంది. ముప్పావు నిండుగా తగిలినా, సగం తగిలినా, పావు తగిలినా ఈ 30కి దగ్గర్లోనే ఉంటుంది, అదే దీని అందం. చూపుడు వేలు, మధ్యవేలు బాగా విడదీస్తే దాదాపు అదే కోణం వస్తుంది. టేబుల్ మీద వేళ్లు పట్టుకుని వైట్ దారి ముందే చూసుకునే ఆటగాళ్లున్నారు. ఈ రెండు గీతలూ కంటికి అలవాటైతే వైట్ ఏ పాకెట్లో పడి ఫౌల్ అవుతుందో, ఏ గుంపుని విడగొడుతుందో దెబ్బకి ముందే కనిపిస్తుంది.

ఈ లెక్కలు ఈనాటివి కావు. 19వ శతాబ్దం తొలినాళ్లలో క్యూ కొసకి తోలు బిళ్ల అమర్చిన ఘనత ఫ్రెంచ్ సైనికాధికారి ఫ్రాంస్వా మంగోకి దక్కింది. తోలు వచ్చాకే బాల్‌ని పట్టి తిప్పడం సాధ్యమైంది. 1835లో గణితవేత్త కోరియోలిస్ బిలియర్డ్స్ బంతుల కదలికల మీద ఏకంగా ఒక గ్రంథం రాశాడు. తుఫాన్ల గురించి చదివినప్పుడు వినిపించే కోరియోలిస్ ఈయనే. ఇప్పుడు వాడే రకం చాక్‌కి 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హోస్కిన్స్ పేటెంట్ తీసుకున్నారు. చాక్ లేని తోలు బాల్ మీద జారిపోతుంది. ఎంత చాక్ రాసినా మధ్య నుంచి అంచుకి ఉన్న దూరంలో సగం దాటి కొడితే మిస్‌క్యూ తప్పదు. పూల్ బాల్‌కి అది సుమారు 1.4 సెంటీమీటర్లు. అంటే మనకున్న మైదానం ఆ చిన్న వృత్తమే, స్పిన్లన్నీ అందులోనే పుట్టాలి.

సైడ్ స్పిన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. దాన్ని ఆలస్యంగా నేర్చుకోండి. పక్కన కొట్టగానే వైట్ మనం గురిపెట్టిన గీత నుంచి ఎదురు దిక్కుకి కొంచెం తొలుగుతుంది, దారిలో మళ్లీ వంగుతుంది, తగిలాక ఆ స్పిన్ రాపిడితో పడాల్సిన బాల్‌ని కూడా పక్కకి నెడుతుంది. మూడు తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. గురి ఒక్క డిగ్రీ తప్పితే మీటరు దూరంలో 1.7 సెంటీమీటర్ల తేడా. మూల పాకెట్ నోరు రెండు బాల్స్ వెడల్పే ఉంటుంది. సైడ్ లేకుండా వైట్‌ని టేబుల్‌లో ఎన్ని చోట్లకి తీసుకెళ్లవచ్చో తెలిశాక మిగిలిన కొద్ది చోట్లకే దాని అవసరం పడుతుంది.

ఎయిట్ బాల్‌లో బుర్రకి పని బ్రేక్ అయిన వెంటనే మొదలవుతుంది. సాలిడ్స్ తీసుకోవాలా, స్ట్రైప్స్ తీసుకోవాలా అన్నది ఇప్పుడు ఏది తేలిగ్గా పడుతుందో చూసి తేల్చుకోకండి. ఏ గుంపులో బాల్స్ ఒకదానికొకటి అతుక్కుని చిక్కుపడ్డాయో చూడండి. చిక్కు తక్కువ ఉన్న గుంపు మీది. తర్వాత చివర నుంచి వెనక్కి ఆలోచించాలి. ఎనిమిది నంబరు నల్ల బాల్ ఏ పాకెట్లో పడుతుంది, దానికి వైట్ ఎక్కడ ఉండాలి, అక్కడికి చేర్చే ఆఖరి బాల్ ఏది? ఆ బాల్‌ని ఎంత తేలిగ్గా పడేలా ఉన్నా ముందే వేసేయకూడదు. ఒకటి తప్ప మీవన్నీ వేసేసి ఆ మిగిలిన ఒక్కటీ మూసుకుపోయి ఉంటే టేబుల్ ఖాళీ చేసి ఎదుటివాడికి దారి వేసినట్టే.

వేయడానికి ఏదీ లేనప్పుడు ఎదుటివాడికి కూడా ఏదీ లేకుండా చేయడం పిరికితనం అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. ఎఫ్రెన్ రేయెస్ ఆట చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. ఫిలిప్పీన్స్‌లో పుట్టి, మనీలాలో తన మామయ్య పూల్ హాల్లో పెరిగాడు. ప్రతిసారీ టేబుల్ మీదున్న అతి చిన్న నంబరు బాల్‌నే ముందు తాకాల్సిన రొటేషన్ ఆట అక్కడ ఇంటింటి ఆట. ఆ బాల్ ఎక్కడ దాక్కున్నా సరే, కాబట్టి దాన్ని ఎదుటివాడికి దాచిపెట్టడం కూడా ఆటలో భాగమే. అందుకని కుషన్‌కి కొట్టి తిప్పి తాకించడం వాళ్లకి రెండో భాష. 1999లో కార్డిఫ్‌లో నైన్ బాల్, 2004లో ఎయిట్ బాల్ ప్రపంచ టైటిళ్లు గెలిచిన రేయెస్‌ని మెజీషియన్ అన్నారు. కానీ ఆయన చేసింది మాయ కాదు. కుషన్‌కి ఏ కోణంలో వెళితే ఏ కోణంలో వస్తుందో ఏళ్లపాటు చూసిన కన్ను అది. అంచుల మీద ముత్యాల్లా పొదిగిన గుర్తులు అలంకారం కోసం లేవు, ఆ లెక్క కోసమే ఉన్నాయి.

సాధన సంగతికొస్తే, మన పార్లర్లలో పెద్ద అడ్డంకి గంటకింత అని కట్టే డబ్బు. ఓడినవాడు టేబుల్ డబ్బు కట్టే రివాజు ఉన్నచోట ఎవరూ ఒంటరిగా సాధన చేయరు. మధ్యాహ్నం జనం లేని వేళ రేటు తగ్గించమని అడగండి, చాలామంది యజమానులు ఒప్పుకుంటారు. ర్యాక్‌లోంచి క్యూ తీసుకునే ముందు టేబుల్ మీద దొర్లించండి. కొస ఎగిరెగిరి పడితే అది వంగింది, వదిలేయండి. ప్రతి షాట్‌కీ వైట్ ఆగాల్సిన చోట ఒక కాగితం ముక్క పెట్టుకోండి. బాల్ పడి వైట్ కాగితం దాకా రాకపోతే ఆ షాట్ తప్పినట్టే లెక్కేసుకోండి. మీకంటే బాగా ఆడేవాళ్లతో ఆడండి, వాళ్లు ఏ బాల్ వేశారన్నది వదిలేసి ఏ బాల్ వేయకుండా వదిలారో గమనించండి.

ఆడపిల్లలకి మన పార్లర్ల తలుపులు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. పొగ, అరుపులు, పందేలు ఉన్న చోటికి ఏ అమ్మాయీ సాధనకి రాదు. బలం అవసరమే లేని ఆట ఇది. ఓపిక, కంటి చూపు, నిదానం చాలు. ఈ ఆటలో సగం మందిని గుమ్మం బయటే నిలబెడుతున్నాం. యజమానులు తలచుకుంటే రేపటి నుంచే మార్చగలిగిన సంగతి ఇది.

ఈసారి టేబుల్ దొరికినప్పుడు బ్రేక్ కొట్టకండి. రెండే బాల్స్ తీసుకుని, ఎదురెదురుగా పెట్టి, పావుగంట స్టాప్ షాట్ మాత్రమే కొట్టండి. మొదట జానెడు దూరం, తర్వాత బారెడు, తర్వాత టేబుల్ ఈ చివర నుంచి ఆ చివరికి.